మెకంజీ చిత్రపటంలో మనవాళ్ళు

ఒక సైనికాధికారి చిత్రపటం గురించి అభ్యుదయ సాహిత్య పత్రికలో చర్చ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. అడగాలి కూడా.

కర్నల్ కాలిన్ మెకంజీని 1816లో థామస్ హికీ నూనెరంగుల్లో చిత్రించాడు. ఆ పటం నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఒక పుస్తకంలో అచ్చయిన దాని నకలును మా తిరువూరులో పదో తరగతి పిల్లలకు చూపించాను. "పక్కనున్నవాళ్ళు ఆయన నౌకర్లా మాస్టారూ?" అన్నాడొక కుర్రవాడు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు.

చూపు ముందుగా మెకంజీ ఎర్రకోటు మీదనే పడుతుంది. 1799లో శ్రీరంగపట్టణం యుద్ధంలో ఉన్నవాడు, 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయినవాడు; పటంలో నడిమి చోటు ఆయనకు పదవితోపాటే వచ్చింది. దూరాన గోమ్మటేశ్వర విగ్రహం. దగ్గరగా ముగ్గురు భారతీయులు: దుర్భిణి పట్టిన బంట్రోతు కిష్ణాజీ, జైన పండితుడు ధర్మయ్య, కావలి వెంకట లక్ష్మయ్య అని పరిశోధకులు గుర్తించారు. లక్ష్మయ్యది ఏలూరు కుటుంబం, మనకు పరాయివాడేం కాదు.

హికీ తెలిసి చేశాడో తెలియక చేశాడో గాని, తాటాకు గ్రంథమూ దుర్భిణీ రెండూ మనవాళ్ళ చేతుల్లోనే పెట్టాడు. దొరతనాన్ని కీర్తించడానికి పుట్టిన బొమ్మ దొర విద్య ఎవరి శ్రమతో నడిచిందో ఒప్పుకుంటున్నది. మెకంజీ లేకుంటే మనకు చరిత్రే లేదనే పండితులు గాని, సామ్రాజ్యవాది బొమ్మతో మనకేం పని అని తోసేసే మన మిత్రులు గాని ఈ సంగతి గమనించినట్లు లేదు. కైఫీయతులు సేకరించడం, శాసనాలు చదవడం, వాటి సారాన్ని ఇంగ్లీషులో పెట్టడం ఈ సహాయకుల పని. అయితే చిత్రకారుడి నిజాయితీకీ హద్దుంది. కైఫీయతు చెప్పిన గ్రామ కరణానికీ, సర్వే గొలుసు లాగిన కూలికీ పటంలో చోటు లేదు. ఆ మాటకొస్తే కైఫీయతుల్లోనూ మాన్యాల లెక్క దొరికినంత సులువుగా పాలేరు బతుకు దొరకదు.

మెకంజీ 1821లో చనిపోయాడు. ఆయన సేకరణకు కంపెనీ ఆయన భార్యకు లక్ష రూపాయలు చెల్లించింది. ఆ పని తాను సాగిస్తానని 1830లలో లక్ష్మయ్య ముందుకొస్తే, ఆసియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ కాదన్నాడు. లక్ష్మయ్యే కాదు, అసలు స్వదేశీయుడెవడూ దానికి చాలడన్నది ఆయన అభిప్రాయం. చిత్రకారుడు పక్కన నిలబెట్టిన మనిషిని పండితుడు గుమ్మం దగ్గరే ఆపేశాడు.

మర్నాడు ఆ పేర్లు నల్లబల్ల మీద రాశాను. ఈ పనికి పునాది వేసిన లక్ష్మయ్య అన్న బొర్రయ్య పేరు కూడా చేర్చాను. "ఈయన ఏ పక్కనున్నాడు మాస్టారూ?" అని అదే కుర్రవాడు పటంలో వెతికాడు. బొర్రయ్య 1803లోనే పోయాడని చెప్పాను.