మోకాలి సంగతి ఎవరికి చెప్పాలి?

బాస్కెట్‌బాల్ స్కోరు షీటులో పన్నెండు పేర్లు రాయొచ్చు. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు డిగ్రీ కాలేజీల్లో ఆ పన్నెండు గళ్లు నింపడమే ఫిజికల్ డైరెక్టర్లకు (పీడీలకు) పెద్ద పని. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ అంటే ఊరి కుర్రాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు. బాస్కెట్‌బాల్‌కు రింగు కావాలి, బోర్డు కావాలి, చదునైన కోర్టు కావాలి, నేర్పే పీఈటీ ఉండాలి. హైస్కూల్లో ఆ అదృష్టం దొరికిన పిల్లలు కూడా ఇంటర్‌లో చేరాక రెండేళ్లు బంతి ముట్టుకోరు. 2023 డిసెంబరులో రాష్ట్రమంతటా మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీల్లో ఐదు ఆటలకు చోటిస్తే, వాటిలోనూ బాస్కెట్‌బాల్ లేదు.

అందుకే చాలా జట్లు ఏడెనిమిది మందితోనే యూనివర్సిటీ అంతర కళాశాలల పోటీలకు బయలుదేరతాయి. ఐదుగురు కోర్టులోకి దిగితేనే మ్యాచ్ మొదలవుతుంది. ఫౌల్స్ వల్లో, గాయాల వల్లో కోర్టులో ఇద్దరికంటే తక్కువ మిగిలితే ఓడినట్టే. బెంచీ మీద ఇద్దరే ఉన్నప్పుడు ఒక్క మడమ బెణికినా జట్టు లెక్క మొత్తం తప్పుతుంది.

ఆ ఒత్తిడంతా వచ్చి పడేది ఆటగాడి మోకాలి మీద.

అనుభవమున్న పీడీకి ఈ పిల్లల సంగతి బాగా తెలుసు. ‘‘ఏం కాలేదు సార్, ఆడతా’’ అనే మాటను ఆయన నమ్మడు. రెండు జతల సాక్సులు వేసుకుని వచ్చిన అమ్మాయిని చూస్తే వాపు కనబడకుండా దాస్తోందని అనుమానిస్తాడు. ఒక బూటు లేసు బిగించి, రెండోది వదులుగా కట్టిన అబ్బాయిని పక్కకు పిలుస్తాడు. ఒంటికాలి మీద గెంతమంటాడు, మెట్లు దిగమంటాడు. ఎక్కడం సులువే. దిగేటప్పుడు మోకాలు నిలవకపోతే మొహంలో తెలిసిపోతుంది. పైకెగిరి నేల మీద దిగేటప్పుడు, పరుగులో ఉన్నట్టుండి దిక్కు మార్చేటప్పుడు, ఎవరూ తాకకుండానే మోకాలి లోపలి లిగమెంట్ తెగిపోవచ్చు. అమ్మాయిలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఒకసారి ఆపరేషన్ అయ్యాక తొమ్మిది నెలలైనా ఆగకుండా కోర్టులోకి దిగితే మళ్లీ తెగే ముప్పు చాలా పెరుగుతుందని క్రీడా వైద్యులు చెబుతారు. మన దగ్గర మాత్రం ముందు స్ప్రే కొడతారు, తర్వాత క్రేప్ బ్యాండేజీ చుడతారు, తగ్గకపోతే పుత్తూరు కట్టుకు పోతారు. విరిగిన ఎముకకు కట్టు కడితే కుదురుతుందేమో గాని, తెగిన లిగమెంట్‌ను కట్టు అతికించలేదు.

పిల్లలు ఎందుకు దాస్తారు? సర్టిఫికెట్ కోసం. రాష్ట్రంలో ఇంజనీరింగ్ సీట్లలో అర శాతం క్రీడా కోటా ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల వాటాను రెండు నుంచి మూడు శాతానికి పెంచాలని 2024లో కొత్త క్రీడా విధానం వచ్చింది. మంచి నిర్ణయమే. ఆ ఫలం అందాలంటే పోటీలో ఆడినట్టు కాగితం ఉండాలి. సెమీస్‌కు ముందు రోజు మోకాలు నొప్పి అని చెప్పిన పిల్లకు ఆ కాగితం దక్కకపోవచ్చు. ఆటను చూసి ఫీజు తగ్గించిన కాలేజీలో చదివేవాడికి ఇంకో భయం: ఆడకపోతే ఆ రాయితీ ఉంటుందా, పోతుందా?

విచిత్రం ఏమిటంటే, పీడీకి చెప్పని సంగతి ఊరందరికీ తెలుస్తుంది. స్కానింగ్ రిపోర్టు ఫొటో స్నేహితుడి ఫోన్‌లో పడుతుంది, అక్కడి నుంచి క్లాసు వాట్సాప్ గ్రూపుకు, మరుసటి రోజుకు అవతలి కాలేజీ జట్టుకు చేరుతుంది. అవతలి కోచ్ ‘‘ఆ పిల్ల ఎడమ వైపు తిరగలేదు, అటే తోయండి’’ అని పాఠం చెబుతాడు. అమ్మాయి విషయంలో అంతటితో ఆగదు. ‘‘కాలికి ఆపరేషన్ అయిందంట’’ అనే మాట పెళ్లి సంబంధాల దాకా వెంటాడుతుంది. నెలసరి ఇబ్బందులు, తిండి చాలక వచ్చే ఎముకల నొప్పులు మగ పీడీతో చెప్పుకోలేక ఆట మానేసే వాళ్ల లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు. చెప్పాల్సిన చోట దాపరికం, దాచాల్సిన చోట చాటింపు. మన కళాశాల క్రీడల్లో అన్నిటికంటే ముందు సరిచేయాల్సింది దీన్నే.

పేరున్న ఆటగాళ్లు ఈ తేడా తెలిసి నడుచుకున్నారు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో పీవీ సింధు ఎడమ కాలికి కట్టుతో ఆడి స్వర్ణం గెలిచింది. ఇంటికొచ్చి పరీక్షలు చేయించుకున్నాక, స్ట్రెస్ ఫ్రాక్చర్ అయిందని, టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్‌కు వెళ్లడం లేదని ఆమే ప్రకటించింది. ఎప్పుడు చెప్పాలో, ఎంత చెప్పాలో నిర్ణయం ఆమెదే. గాయమైనంత మాత్రాన ఆట ముగియదని చూపింది పుల్లెల గోపీచంద్. 1990, 91 సంవత్సరాల్లో ఆయన భారత విశ్వవిద్యాలయాల బ్యాడ్మింటన్ జట్టుకు కెప్టెన్. 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతూ మోకాలు దెబ్బతీసుకున్నాడు. ఆట ముగిసిందన్నవాళ్లే ఎక్కువ. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చెన్ హాంగ్‌ను వరుస గేముల్లో ఓడించింది ఆయనే. మోకాలు పోయిందని పేరు కొట్టేసి ఉంటే ఆ కప్పు మనకు వచ్చేదా?

నొప్పి దాచకుండా చెప్పాలంటే బెంచీ కూడా నిండాలి. అందుకు తెలుగు టైటాన్స్‌ను తలచుకోవాలి. ప్రొ కబడ్డీలో 2021-22 సీజన్‌లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు, ఆ తర్వాతి రెండు సీజన్లలో రెండేసి. 2023 వేలంలో 2.60 కోట్లకు పైగా పెట్టి పవన్ సెహ్రావత్‌ను తెచ్చుకున్నారు. అంతకుముందు సీజన్‌లో ఆయన వేరే జట్టు తరఫున తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. అంతటి ఆటగాడు వచ్చినా ఆ ఏడు రెండు గెలుపులే. 2024లో పవన్ గాయపడి బయట కూర్చున్నప్పుడు విజయ్ మాలిక్ లాంటివాళ్లు భారం ఎత్తుకున్నారు. జట్టు 12 మ్యాచ్‌లు గెలిచింది. ఒక్కరి కాళ్ల మీద నిలబెట్టిన జట్టులో ఆ ఒక్కరూ నొప్పి దాచక తప్పదు. పది మంది ఉన్న జట్టులో ‘‘ఈ రోజు ఆడలేను సార్’’ అనే ధైర్యం వస్తుంది. ఆళ్లగడ్డ కాలేజీకైనా అంతే. ఫస్టియర్‌లో ఎత్తున్న పిల్లల్ని, కబడ్డీలో చురుకైన పిల్లల్ని పట్టుకొచ్చి నేర్పిస్తే రెండేళ్లకు బెంచీ నిండుతుంది.

ఇక గాయం సంగతి బయటివాళ్లకు ఎంతవరకు చెప్పాలన్నదానికి అమెరికాను చూడొచ్చు. అక్కడి కాలేజీ బాస్కెట్‌బాల్‌లో కోట్ల డాలర్లు తిరుగుతాయి.  2018లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పుతో రాష్ట్రాలకు క్రీడా బెట్టింగ్‌ను అనుమతించే వీలు కలగడంతో, ఎవరి మోకాలు ఎలా ఉందన్న కబురుకు ధర పుట్టింది. బెట్టింగ్ రాయుళ్లు విద్యార్థుల వెంట పడకుండా కొన్ని పెద్ద కాన్ఫరెన్సులు (కాలేజీ జట్ల కూటములు) ఒక మార్గం కనిపెట్టాయి. మ్యాచ్‌కు ముందు ఎవరు ఆడతారు, ఎవరు ఆడరు, ఎవరు అనుమానం అనే జాబితా ఇస్తాయి. ఏ గాయం, ఎక్కడ, ఎంత అన్న వివరం మాత్రం అందులో అడగరు. మన పీడీలు అరువు తెచ్చుకోదగిన పద్ధతి ఇది. నోటీసు బోర్డు మీద ‘ఆడుతోంది’, ‘ఆడడం లేదు’ అంటే చాలు.

మన దగ్గర చట్టం లేదని కాదు. రోగి రహస్యం బయటపెట్టకూడదని 2002 నాటి వైద్య నైతిక నిబంధనలే డాక్టర్లకు చెబుతున్నాయి. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నిబంధనలూ వచ్చాయి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది ఆ చట్టం. ఇంటర్ జట్లలో ఎక్కువ మంది ఆ వయసు వాళ్లే.

వచ్చే సెలక్షన్స్‌కు ముందే నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీల ప్రిన్సిపాళ్లు మూడు మాటలు కాగితం మీద పెట్టి సంతకం చేయాలి. గాయమైనందుకు ఫీజు రాయితీ ఆపబోమని, సీజన్‌లో జట్టుతో ఉన్న పిల్లల పేరు గాయం వల్ల కొట్టేయబోమని, వైద్య రిపోర్టు డాక్టరు, పీడీ, ఇంటివాళ్లు దాటి పోనివ్వబోమని. అమ్మాయిల జట్టుకు ఒక అధ్యాపకురాలిని తోడుగా ఇవ్వాలి. ఇక తోటి విద్యార్థులకు ఒక్క విన్నపం: స్నేహితురాలి స్కానింగ్ ఫొటో మీ ఫోన్‌కు వస్తే, ఇంకొకరికి పంపకుండా తీసేయండి.