గుడిమల్లంలో మడీ గెనిమా

రేణిగుంట నుంచి పాపానాయుడుపేట మీదుగా గుడిమల్లం పోతే, పరశురామేశ్వరుణ్ని చూడటానికి తల వంచి కిందికి చూడాల్సిందే. గర్భగుడి నేల మంటపం కంటే బాగా పల్లంలో ఉంటుంది. లింగం ఎత్తు ఐదడుగులు. ముందు భాగంలో, కూచున్న యక్షుడి భుజాల మీద కాళ్ళు మోపి శివుడు నిలబడి ఉంటాడు. ఒక చేతిలో కాళ్ళు పట్టి వేలాడదీసిన పొట్టేలు, ఇంకో చేతిలో చెంబు, భుజాన గొడ్డలి. జంధ్యం లేదు. చూస్తే ఆ పక్కనే స్వర్ణముఖి ఒడ్డున మేకలు తోలుకొచ్చిన మనిషిలా ఉంటాడు.

దీని వయసెంత? రాయి మీద అక్షరం లేదు. గుడి గోడల మీది శాసనాలు పల్లవుల, బాణుల, చోళుల నాటివి. అవి గుడి సంగతి చెబుతాయి గానీ లింగం ఎప్పటిదో చెప్పవు. 20వ శతాబ్దం మొదట్లో టి.ఎ. గోపీనాథరావు దీన్ని పండితుల దృష్టికి తెచ్చినప్పుడు, శిల్పం పోలికలను బట్టే కాలం లెక్కగట్టాడు. పోలిక ఒక ఆధారమే, కానీ పోలికతో వాదించేవాడికి పోలికతోనే బదులు చెప్పొచ్చు. తేల్చాలంటే నేలను అడగాలి.

తవ్వకం అనగానే మనకు గడ్డపార గుర్తొస్తుంది. అసలు పనిముట్లు చిన్న తాపీ, కుంచె, కొలత టేపు, నోటుపుస్తకం. ఈ నిదానం ఒక దారిన ఇంగ్లండు పల్లెల నుంచి వచ్చింది. 1880లలో పిట్ రివర్స్ అనే సైనికాధికారి క్రాన్‌బోర్న్ చేజ్‌లోని తన సొంత భూముల్లో తవ్వుతూ, బంగారం కోసం చూడకుండా పనికిమాలిన పెంకులన్నీ ఎక్కడెక్కడ దొరికాయో రాసి పెట్టాడు. మార్టిమర్ వీలర్ ఆ బాటనే పట్టి 1934-37లో డోర్సెట్‌లోని మెయిడెన్ కాజిల్ అనే కొండకోటను తవ్వాడు. 1944లో భారత పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చి, మరుసటేడు పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దిగాడు.

వరిమడి చూసినవాళ్ళకు వీలర్ పద్ధతి తేలిగ్గానే అర్థమవుతుంది. నేలను చదరపు మళ్ళుగా కొలుస్తారు, మడికీ మడికీ మధ్య గెనిమ వదులుతారు. మడిలో మన్ను దిగుతూ పోతుంది, గెనిమ మాత్రం నిలువునా అలాగే ఉంటుంది. దాని పక్కగోడను తాపీతో నున్నగా చెక్కి చదువుతారు. నల్లటి గీత ఉంటే అక్కడ మంట మండింది. ఇసుక పట్టీ ఉంటే ఏరు పొంగింది. గట్టిగా, పలచగా ఉన్న పొర మనుషులు తిరిగిన నేల. ఎవరో గుంత తీసి ఉంటే ఆ గుంత కింది పొరలను కోసుకుంటూ దిగుతుంది. అందులో దొరికింది ఎంత లోతున ఉన్నా, గుంత నోరు ఏ పొరలో తెరుచుకుందో ఆ కాలానిదే. ఇది గమనించకపోతే వెయ్యేళ్ళు తప్పుతాయి.

అరికమేడులో ఇటలీలోని అరెజ్జో నుంచి ఓడల మీద వచ్చిన ఎర్ర పాత్రల ముక్కలు దొరికాయి. అవి ఏ కాలానివో అప్పటికే తెలుసు. వాటి పొరలోనే ఉన్న మన కుండ పెంకులకూ ఆ లెక్కన వయసు వచ్చింది. తొక్కుడుబిళ్ళకు వాడి పారేసే చిల్లపెంకే దక్షిణాది చరిత్రకు క్యాలెండరు అయింది. ముఖ్యంగా నలుపు ఎరుపు పెంకు. విరిగిన అంచు పట్టుకుని చూస్తే లోపల, మూతి చుట్టూ నలుపు. బయట పొట్ట ఎరుపు. అది రంగు పూత కాదు. కుండను బోర్లించి, మూతిని పొట్టులోనో బూడిదలోనో కప్పి కాలిస్తే గాలాడని చోట నల్లబడుతుంది, గాలి తగిలిన చోట ఎర్రబడుతుంది. అంతా ఒకే ఆవంలో.

గుడిమల్లంలో 1973-74లో ఇంగువ కార్తికేయ శర్మ తవ్వినప్పుడు ఈ పెంకులే మాట్లాడాయి. లింగం మొదట గుండ్రటి పీఠం మీద, నాలుగు వైపులా రాతి కంచెతో, ఆరుబయట ఉండేదని తేలింది. తర్వాతి దశలో దాని చుట్టూ ఇటుక గుడి లేచింది. ఇటుకలు 42 సెంటీమీటర్ల పొడవు, 21 వెడల్పు, 6 మందం. మనం ఇంటికి వాడే తొమ్మిదంగుళాల ఇటుక పక్కన పెడితే దాదాపు రెట్టింపు. అది శాతవాహనుల కాలపు కొలత. ఇటుక గుడే అప్పటిదైతే, దానికి ముందే ఉన్న లింగం ఇంకా పాతది. క్రీస్తుపూర్వం రెండు, ఒకటి శతాబ్దాలని చాలామంది మాట. అటూ ఇటూ జరిపేవాళ్ళూ ఉన్నారు. నాకు ఇందులో నచ్చే విషయం ఒకటుంది: లింగం ఎప్పుడూ పూడిపోలేదు, కళ్ళ ముందే ఉంది. దాని వయసు మాత్రం చుట్టూ పూడిపోయిన చెత్తలో ఉంది.

అందుకే గుప్తనిధుల వేటగాళ్ళంటే నాకు కోపం. మన జిల్లాల్లో అమావాస్య రాత్రి పాత గుళ్ళ దగ్గరో, కొండల మీద పాండవుల గుళ్ళని పిలిచే పాతకాలపు రాతి సమాధుల దగ్గరో తవ్వేవాళ్ళకు తరచుగా ఏమీ దొరకదు. కానీ పొరలన్నీ కలగలిసిపోతాయి, ఇక ఎవరూ వాటిని విడదీయలేరు. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే అధికారులకు చెప్పాలని 1878 నాటి చట్టం. చెదిరిన పొరకు వెల కట్టే చట్టమేదీ నేను చూడలేదు.

తిరుగుదారిలో పాపానాయుడుపేటలో ఆగండి. ఇది గాజుపూసల ఊరు. అరికమేడు మట్టిలో వేలకొద్దీ సన్నటి గాజుపూసలు దొరికాయి. ఇంత చిన్న పూసకు అంత సూటిగా బెజ్జం ఎలా వేశారన్నది చిక్కు ప్రశ్న. అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్‌కు జవాబు ఈ ఊరి కొలిమిలో దొరికింది. అసలు బెజ్జం వేసే పనే లేదు! కరిగిన గాజు ముద్దను 'లాడ' అనే ఇనుప గొట్టానికి పట్టించి, లోపల బోలుగా ఉండగానే కొలిమి నుంచి లాగుతారు. గాజు బారలకొద్దీ సన్నటి గొట్టమై సాగుతుంది, బోలు అలాగే ఉంటుంది. దాన్ని ముక్కలుగా తరిగి, బూడిదతో కలిపి మళ్ళీ వేడిచేస్తే పదును అంచులు కరిగి గుండ్రబడతాయి. బెజ్జాల్లోకి చేరిన బూడిద అవి మూసుకుపోకుండా కాస్తుంది. జల్లెడ పట్టి దారానికి గుచ్చడమే తరువాయి.