తగలకుండా గెలిచే దెబ్బ

మా అక్క కొడుకు కరీంనగర్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఆదివారం వచ్చిందంటే దోస్తులంతా ఒక బల్ల చుట్టూ చేరి, 20 ముఖాల పాచిక ముందర పెట్టుకొని, పొద్దుగూకేదాకా లేవరు. ఒకడు కథ నడిపిస్తాడు, మిగతావాళ్లు అందులో పాత్రలై మాట్లాడతారు. కత్తి దూస్తే తగిలిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఆట పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావాళ్లు 1974లో తెచ్చిన ఆట. ఈ వారం కథ నడిపే వంతు మావాడిది. "మామా, విసిరే ఆయుధం ఒకటి కావాలె. మహిమ ఉండాలె. నువ్వు పాత కథలు చదువుతవు గదా, ఏదన్న చెప్పరాదే" అన్నాడు.

అడిగినందుకు సంబరపడే లోపే నమూనా ఒకటి చూపించాడు. మరుగుజ్జు వీరుడి సుత్తి. విసిరితే 60 అడుగుల దాకా పోతుంది. తగిలినా తగలకపోయినా తిరిగి చేతికి వస్తుంది. మహాకాయుల మీద పడితే దెబ్బ ఇంకా గట్టిది. నాకు ఒళ్లు మండింది. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలిసిందే: గుమ్మి నిండా వడ్లు పెట్టుకొని పక్కింటికి బియ్యం బదులుకు పోవుడేంది? చిందు భాగవతం ఆడిన గడ్డ మీద, ఒగ్గు కథకు తెల్లార్లు మేలుకున్న ఊళ్లల్లో పుట్టి సుత్తి ఎందుకురా, సుదర్శనం లేదా అన్నాను.

"సుదర్శనం ఎప్పుడన్న గురి తప్పుతదా మామా? తప్పనిదానికి పాచికెందుకు?"

మాట సబబే. అందుకే ద్రోణపర్వంలోకి పోయాం. సైంధవుణ్ని చంపుతానని అర్జునుడు ఒట్టు పెట్టుకున్న రోజు. దారికి అడ్డం వచ్చినవాళ్లల్లో శ్రుతాయుధుడు ఒకడు. వరుణుడి కొడుకు. తండ్రి ఇచ్చిన గద ఉన్నంతకాలం వాణ్ని గెలిచేవాడు లేడు. ఒక్కటే షరతు: యుద్ధం చెయ్యనివాడి మీద విసరొద్దు, విసిరితే అది తిరిగొచ్చి విసిరినవాణ్నే చంపుతుంది. కోపంలో ఆ సంగతి మరిచి, పగ్గాలు తప్ప మరేం పట్టని కృష్ణుడి మీద విసిరాడు. గద తిరిగొచ్చింది. అదే రోజు రాత్రి కర్ణుడి వంతు. అర్జునుడి కోసం దాచుకున్న శక్తిని ఘటోత్కచుడి మీద వదిలాడు. ఒక్కసారికే ఇంద్రుడిచ్చిన ఆయుధం, మళ్లీ చేతికి రాలేదు. మన కథల్లో ఆయుధం ఎంత బలమైనదన్నది వెనక మాట. దాని షరతు ఏమిటన్నదే కథను నడిపిస్తుంది.

మావాడు ఇదంతా రాసుకున్నాడు. నేను మాత్రం వాడి పుస్తకంలో ఆయుధాల పట్టిక దగ్గర ఆగిపోయాను. అందులో మన ఒడిసెల ఉంది. వెల ఒక్క వెండి నాణెం. దెబ్బ నాలుగు ముఖాల పాచిక ఎంత చెప్తే అంత, అంటే మహా అయితే నాలుగు. దూరం మాత్రం 120 అడుగులు. మహిమల సుత్తికి రెండింతలు! "అది గరీబోళ్ల ఆయుధం మామా" అని మావాడు పేజీ తిప్పేశాడు.

గరీబోళ్లదే. జగిత్యాల దిక్కు మా తాత జొన్నచేనులో మంచె మీద నేను చూసింది దాన్నే. గోగునారను నీళ్లల్లో నానబెట్టి, తొడ మీద పురి పెట్టి రెండు తాళ్లు పేనేవాడు. నడుమ అరచేతి వెడల్పున వల లాగా అల్లేవాడు, రాయి కూచునేందుకు. ఒక తాడు చివర ఉచ్చు, అది చూపుడు వేలికి. రెండో తాడు చివర ముడి, అది బొటనవేలి కింద. తల చుట్టూ గిర్రున తిప్పి ముడి వదిలితే రాయి ఎటు పోయిందో కంటికి ఆనదు. తాడు కొస మాత్రం 'ఛటేల్'మని పేలుతుంది. చేనంతా చిలుకలు ఒక్కసారే లేస్తాయి.

నేను చిలుకకే గురిపెట్టేవాణ్ని. తాత ఊరుకునేవాడు కాదు. "పిట్టను కొట్టుడు కాదురా, లేపుడు" అనేవాడు. రాయి చేను నడుమ పడితే కంకి దెబ్బతిని గింజ రాలుతుంది. అంటే చిలుక తినేదానికన్నా మనం రాల్చేదే ఎక్కువవుతుంది. అందుకని రాయి కంకుల మీంచి పోయి గెట్టు అవతల పడాలి. తగలకుండా విసరడమే అసలు పనితనం.

అట్లని ఒడిసెల సాధువేం కాదు. 1946 నుంచి 51 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకులు దొరక్కముందు జనం చేతుల్లో ఉన్నవి కారప్పొడి, రోకళ్లు, ఒడిసెలలే. ఆ తర్వాత శ్రీరాంసాగర్ కాలువ నీళ్లొచ్చి మా దిక్కు చేన్లు వరిమళ్లయినయి. ఆదిలాబాద్ దిక్కు పత్తి కమ్ముకుంది. పత్తికాయను ఏ చిలుకా ముట్టదు. మంచెలు పోయాయి, ఒడిసెల పట్టే చేతులూ పోయాయి.

ఇంత ఆలోచించాక నా పాత పాటకు నేనే ఎదురు మాట చెప్పాల్సి వస్తోంది. సుత్తి పరాయిదని కోపం తెచ్చుకోవడంలో అర్థం లేదు. అది ఉత్తర ఐరోపా దేశాల థోర్ దేవుడి సుత్తికి చుట్టమే. దానిదీ సుదర్శనానిదీ ఒకే కోరిక: కొట్టాలి, చేతిలోది పోకూడదు. ఆ కోరిక అందరి తాతలకూ ఉంది. ఒడిసెలది వేరే దారి. విసిరిన రాయి తిరిగి రాదు, ఏరుకోవాలి.

కనుక మావాడి ఆటకు నేను ఇచ్చింది ఇది. మహిమల ఒడిసెల. తగిలితే మామూలు దెబ్బే, నాలుగు ముఖాల పాచిక. తగలకపోతేనే మహిమ: రాయి ఎవరి తలల మీంచి పోయిందో వాళ్లంతా తమ గుండెనిబ్బరానికి పాచిక వెయ్యాలి, ఓడినవాళ్లు ఆయుధం దించి వెనక్కి మళ్లాలి. శ్రుతాయుధుడి షరతు కూడా కలిపాను. ఒట్టి చేతులవాడికి గురిపెడితే తాడు తెగిపోతుంది. పాచిక కలిసిరానివాడికే పనికొచ్చే ఆయుధం ఏ ఆటలోనైనా ఒకటి ఉండాలని నా పట్టుదల.

చదివేవాళ్లకు ఒక మనవి. మీ ఇంట్లో ఒడిసెల అల్లడం తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే, ఈ ఎండాకాలం సెలవుల్లో పిల్లలను వాళ్ల దగ్గర కూచోబెట్టండి. నేర్చుకున్నాక విసిరేది మాత్రం ఊరి బయట, మనిషి, గొడ్డు లేని బీట్లో.