పనితోపాటే పడక

ఇల్లు లేని కుర్రాళ్ళ గురించి నందిగామలో అడిగితే "అదంతా బెజవాడ స్టేషన్లో అండీ, మా దగ్గర లేరు" అంటారు. జగ్గయ్యపేటలోనూ అదే జవాబు. తప్పించుకోవడానికి చెప్పే మాట అనుకోను. బెజవాడ ప్లాట్‌ఫారం మీద గోనెసంచి భుజాన వేసుకుని తిరిగే పిల్లాడు కంటికి కనపడతాడు. హైవే పక్క హోటల్లో అర్ధరాత్రి దాకా బల్లలు తుడిచి, రెండు బల్లలు దగ్గరకు జరుపుకుని వాటి మీదే పడుకునే పదిహేడేళ్ళవాడు కనపడడు. వాడు మనకు పనివాడు. టీ తెచ్చిపెట్టినవాడికి ఇల్లుందా లేదా అన్న ఆలోచన టీ తాగేవాడికి ఎందుకొస్తుంది?

కొన్నేళ్ళు ఇలాంటి పిల్లలతో మాట్లాడే ఉద్యోగం చేశాను. ఉద్యోగానికి పేరు ఏది పెట్టినా చేసే పని అడగడమే. ఇప్పటికీ ఆ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు పిలిస్తే వెళ్ళి కూర్చుంటాను. వాళ్ళ చేతిలో ఒక ఫారం ఉంటుంది. పేరు, వయసు, తండ్రి పేరు, ఊరు, చదువు, ఇల్లు వదిలిన కారణం. ఆఫీసుకు ఆ ఫారం కావాలి, కాదనను. కాకపోతే ఆ వరసలోనే అడుగుతూ పోతే తండ్రి పేరు దగ్గర కుర్రాడు లేచి వెళ్ళిపోతాడు, లేదంటే అక్కణ్ణించి కథ చెప్పడం మొదలెడతాడు.

మన వైపు "ఏ ఊరు, ఎవరబ్బాయివి?" అన్నది పలకరింపే. ఆ పలకరింపు వెనకాల "మీరేంటోళ్ళు?" అన్న ప్రశ్న నిలబడి ఉందని అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. తండ్రి తాగొచ్చి కొడితేనో, తల్లి పోయాక ఇంట్లో తన కంచం తనకు బరువైతేనో, పదో తరగతి తప్పి ముఖం చూపించలేకనో వచ్చేసినవాడు ఆ రెండు ప్రశ్నలకే వెనక్కి జరుగుతాడు. ఎవరబ్బాయో తెలిస్తే కబురు ఇంటికి పోతుంది. ఏంటోళ్ళో తెలిస్తే వంటగదిలో పని పోయి గిన్నెలు కడిగే పని మిగలొచ్చు. అందుకని నేను రాత్రి సంగతితో మొదలుపెడతాను. "తమ్ముడూ, రాత్రి ఎక్కడ పడుకున్నావు?" దీనికి అబద్ధం చెప్పాల్సిన పని లేదు. దోమలు, చలి, అటూ ఇటూ దొర్లడం, లేపి తరిమినవాళ్ళు, అన్నీ వాటంతటవే వస్తాయి.

ఆ జవాబులు మా మెట్టలో ఒక తీరుగా ఉంటాయి. హోటల్లో. మెకానిక్ షెడ్లో. లారీ క్యాబిన్లో. కోతలప్పుడు మిర్చి కల్లం దగ్గర కాపలాగా. పెనుగంచిప్రోలు తిరునాళ్ళకు జెయింట్ వీల్‌తో వచ్చినవాడైతే ఆ చక్రం కింద పట్టా పరుచుకుని. అంటే పడక పనితోపాటే వచ్చింది, పని పోయిన రోజున పడకా పోతుంది. పెద్దవాళ్ళలో ఉద్యోగం పోయినవాడు ఇంటికెళ్ళి దిగులు పడతాడు. ఈ కుర్రాడు దిగులు పడేలోపల బస్టాండులో బెంచీ వెతుక్కోవాలి. ఓనరు తిట్టినా, జీతంలో కోసినా, మీద చెయ్యి వేసినా నోరెత్తకపోవడానికి కారణం వాడి పిరికితనంలో వెతికితే దొరకదు. సాయంత్రం ఏడింటికి పని మానేస్తే రాత్రి పదింటికి ఎక్కడ నడుం వాల్చాలన్నది వాడి లెక్క.

చట్టం ఈ లెక్కను చూడదు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, సొంత కుటుంబం పనుల వంటి మినహాయింపులు పోను, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదంటుంది; పద్నాలుగు దాటి పద్దెనిమిది నిండనివాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదంటుంది. హోటల్లో సర్వరు పని ఆ జాబితాలో లేదు. కాబట్టి పదిహేడేళ్ళవాణ్ణి ఆ పనిలో పెట్టుకోవడం నేరం కాదు, పని చేసేచోటే బతకడం గురించి ఎవరూ అడగరు. జనాభా లెక్కలూ అంతే. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి ఎన్యూమరేటర్లు తిరిగి, ఆరుబయట, రోడ్డు పక్కన, తూముల్లో, వంతెనల కింద, గుడి మండపాల్లో, ప్లాట్‌ఫారాల మీద పడుకున్నవాళ్ళను లెక్కగట్టారు. దేశం మొత్తం మీద 17.7 లక్షలమంది తేలారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.45 లక్షలు. హోటల్ బల్ల మీద పడుకున్నవాడికి నెత్తిన కప్పు ఉంది. ఆ లెక్కలో వాడు ఇల్లు లేనివాడి కింద రాడు.

బెజవాడ దారి వేరు. అక్కడ రైళ్ళున్నాయి గనక పారిపోయి వచ్చిన పిల్లలు కళ్ళ ముందు దిగేవారు, కళ్ళ ముందున్నారు గనక సంస్థలు పుట్టాయి. ఎస్‌కేసీవీ 1985లో, సలీషియన్ ఫాదర్ల నవజీవన్ బాలభవన్ 1989లో మొదలయ్యాయి. పిల్లల్ని రైలు దిగిన ప్లాట్‌ఫారం దగ్గరే కలుసుకునే పద్ధతి ఆ ఊళ్ళో అలా స్థిరపడింది. రైల్వే శాఖ కూడా స్టేషన్లలో ఒంటరిగా కనిపించిన పిల్లల విషయంలో ఎవరేం చెయ్యాలో 2015లో ఒక పద్ధతి రాసుకుంది. పెద్ద స్టేషన్లలో పిల్లల సాయం కోసం ఒక డెస్కు ఉంటుంది. మా నందిగామకు రైలే లేదు. జగ్గయ్యపేటకు పట్టాలున్నా వాటి మీద తిరిగేవి ఎక్కువగా సిమెంటు కంపెనీల సరుకు బళ్ళు. మాకున్నది హైవే. పాత తొమ్మిదో నంబరు, ఇప్పటి అరవై ఐదు. గరికపాడు దగ్గర తెలంగాణ దాటి వచ్చి, చిల్లకల్లు, నందిగామ, కీసర మీదుగా బెజవాడ వెళ్ళిపోతుంది. మా కుర్రాళ్ళు ఇల్లు వదిలితే లారీ ఎక్కుతారు, వేరే ఊళ్ళ కుర్రాళ్ళు మా దగ్గర లారీ దిగుతారు. లారీకి ప్లాట్‌ఫారం లేదు, డెస్కూ లేదు.

లారీ క్లీనరు సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఊళ్ళో ఎవరి చేతా మాట పడకుండా ఇల్లు వదలడానికి ఒక కుర్రాడికున్న గౌరవమైన దారి అదొక్కటే. "లారీ మీద వెళ్ళాడు" అంటే పారిపోయాడని ఎవరూ అనరు. సిమెంటు లోడుతో వెళ్తాడు, ఇంకేదో లోడుతో వస్తాడు. బత్తా చేతికొస్తుంది, డ్రైవరు మంచివాడైతే పని నేర్పుతాడు. అలా పైకొచ్చి సొంత బండి కొనుక్కున్నవాళ్ళు మా ప్రాంతంలో ఉన్నారు, అందుకే ఆ ఆశ అబద్ధం అనలేం. ఇబ్బంది ఎప్పుడొస్తుందంటే లోడు దొరకని వారాల్లో. ఓనరు బండిని షెడ్డులో పెట్టేస్తాడు, డ్రైవరు ఇంటికి పోతాడు, క్లీనరు బండిలోనే ఉంటాడు. దారి ఆగిపోయినా అంతే. వరసగా రెండేళ్ళు, 2023 జూలైలో, 2024 సెప్టెంబరులో, మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మునిగి రాకపోకలు ఆగిపోయాయి. వరద తగ్గేదాకా ఎలాగో అలా గడిపి ఇల్లు చేరడం ప్రయాణికుల తిప్పలు. క్యాబినే ఇల్లయినవాడికి ఎప్పుడు చేరతావని అడిగితే ఏం చెబుతాడు?

రాత్రి గురించి మాట్లాడాక నేను అడిగే ఇంకో ప్రశ్న, "నీ సామాను ఎవరి దగ్గరుంది?" ఒక బ్యాగు, దాన్లో రెండు జతల బట్టలు, పదో తరగతి మార్కుల లిస్టు, ఉంటే ఆధార్ కార్డు. బ్యాగు పోగొట్టుకోని కుర్రాడు నాకు అరుదుగా కనిపించాడు. దాని వెంటే డబ్బు సంగతి. బ్యాంకు ఖాతా ఉండదు, లేదా ఉన్న ఖాతా తండ్రికి తెలిసిందై ఉంటుంది. జీతం ఓనరు దగ్గరే జమ. "నా దగ్గరుంటే పోగొట్టుకుంటానని ఆయనే దాచిపెడుతున్నాడన్నా" అన్నాడు ఒక షెడ్డులో కుర్రాడు. ఆ ఓనరు నిజంగానే దాచి ఉండొచ్చు, అలాంటివాళ్ళనూ చూశాను. కానీ మనిషి మంచివాడైనా చెడ్డవాడైనా, జీతం, పడక, బ్యాగు మూడూ ఒకే చేతిలో ఉన్నప్పుడు ఆ కుర్రాడు వెళ్ళిపోతానని అనలేడు.

ఏం కావాలని సూటిగా అడిగితే ఇల్లు కావాలని చెప్పినవాళ్ళు తక్కువ. తాళం పెట్టుకునే పెట్టె. ఫోను ఛార్జింగు పెట్టి నిద్రపోయినా ఎవరూ ఎత్తుకుపోని చోటు. ఆదివారం పూట తీరుబడిగా స్నానం. ఆధార్‌లో ఫోను నంబరు మార్పించడం. లైసెన్సుకు ఎవరైనా చిరునామా ఇవ్వడం. ఒకడు చెప్పులు అడిగాడు, అదీ ఫలానా కంపెనీవి. కూడా వచ్చిన కొత్తమ్మాయికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. పదిహేడేళ్ళకు మంచి చెప్పులు కావాలనిపించడం మన ఇళ్ళలో పిల్లలకు ఉన్నదే, ఇల్లు లేనంత మాత్రాన వాడి వయసు మారదు.

అన్నం అడిగినవాళ్ళు మాత్రం దాదాపు లేరు. హోటల్లో పనిచేసేవాడికి తిండికి లోటుండదు, అన్న క్యాంటీన్లో భోజనం ఐదు రూపాయలు. మనం పుట్టినరోజుకు పులిహోర పొట్లాలు పంచి, పంచుతున్న ఫొటో స్టేటస్‌లో పెట్టుకుంటాం. పెట్టే చెయ్యిని తప్పుపట్టను. ఫొటో మాత్రం తీయకండి. ఊళ్ళో తన సంగతి తెలియకూడదనే వాడు ఇంత దూరం వచ్చాడు.

ఇక ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన సంగతి. ఎదుటివాడికి పద్దెనిమిది నిండకపోతే, వాడు చెప్పింది నా దగ్గరే దాచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఆదరణ, రక్షణ అవసరమైన పిల్లల్ని ఇరవై నాలుగు గంటల్లోగా, ప్రయాణ సమయం మినహాయించి, బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. అలా దిక్కులేకుండా కనిపించిన పిల్లల సంగతి చెప్పకుండా ఊరుకోవడమూ తప్పే. అందుకని మాట మొదలవగానే, వాడు ఏమీ చెప్పకముందే, నా పరిధి వాడికి చెప్పేస్తాను. "నీ వయసును బట్టి నేను కొందరికి చెప్పాల్సి వస్తుంది. ఎవరికి, ఎందుకు అన్నది నీకు తెలిశాకే చెబుతాను." ఇలా అంటే సగంమంది నోరు మూసేసుకుంటారని కొత్తవాళ్ళు భయపడతారు. మూసుకుంటారు, నిజమే. ఎవరికీ చెప్పనని మాటిచ్చి మర్నాడు జీపుతో వెళితే ఆ కుర్రాడు ఆ తర్వాత జన్మలో ఏ పెద్దవాడికీ ఏదీ చెప్పడు. కమిటీ కూడా ఇంటికి పంపెయ్యడమే తన పనిగా పెట్టుకోకూడదు. ఆ ఇంటి పరిస్థితి మీద సామాజిక విచారణ నివేదిక తెప్పించుకోవాలని చట్టంలోనే ఉంది. నివేదిక రాసేవాళ్ళు గుమ్మం దాకా వెళ్ళారా, ఫోన్లో ముగించారా అన్నదాన్ని బట్టి ఉంటుంది, కుర్రాడు ఇంట్లో నిలుస్తాడో ఇంకో హోటల్లో తేలతాడో.

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ వీధి పిల్లల గురించి 2017లో ప్రభుత్వాలకు మార్గదర్శకాలు రాస్తూ, ముందు 32 దేశాల్లో 327మంది పిల్లల్ని, యువకుల్ని అడిగి తెలుసుకుంది. దానమూ దండనా కాకుండా హక్కుగా చూడమన్నది ఆ పత్రం సారాంశం. జెనీవాలో కూర్చున్నవాళ్ళే అడిగి రాసినప్పుడు మన మునిసిపాలిటీలు అడగడానికి అడ్డేమిటో నాకు తెలియదు.

ఆడపిల్లల గురించి ఇంతవరకూ రాయకపోవడానికి కారణం వాళ్ళు ఈ హైవే మీద రాత్రిపూట కనిపించకపోవడమే. ఇల్లు వదిలిన ఆడపిల్ల ఒక్క రాత్రి కూడా బస్టాండులో గడపలేదు. ఎవరో ఒకరి గదికి చేరుతుంది, ఆ ఎవరో ఎవరన్నదాని మీద ఆమె బతుకు ఆధారపడుతుంది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే వన్ స్టాప్ సెంటరుకు దారి చూపిస్తారు, అక్కడ ఉండనిచ్చేది ఐదు రోజుల దాకా. ఆరో రోజు మీద రాయడానికి ఒక కాలమ్ చాలదు, అందుకే ఇంకోసారి.

కుర్రాడికి పద్దెనిమిది నిండిన మర్నాడు పిల్లలకున్న ఈ రక్షణలన్నీ తిరగబడతాయి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి వాడు పిల్లాడు కాడు. సంరక్షణ గృహాల్లో పెరిగినవాళ్ళకైతే ఇరవై ఒకటి దాకా అనంతర సంరక్షణ ఉంది, కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు నాలుగు వేలు వచ్చే వీలుంది. గృహం ముఖమే చూడకుండా హోటళ్ళలో, లారీల మీద పెరిగినవాడికి ఆ దారి లేదు. పట్టణాల్లో నిరాశ్రయుల వసతికి 2013 నాటి జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ పెట్టిన కొలత లక్ష జనాభాకు వందమంది పట్టే వసతి. 2011 లెక్కల్లో నందిగామా జగ్గయ్యపేటా రెండూ లక్షకు చాలా కింద ఉన్న ఊళ్ళు. సత్రాలున్నాయిగా అంటారా? చాలా సత్రాల్లో ఒంటరిగా వచ్చినవాడికి గది ఇవ్వరు, ఆధార్ అడుగుతారు. ఆధార్‌కు చిరునామా కావాలి. గుర్తింపు పొందిన వసతి గృహం అధిపతి ధ్రువపత్రం ఇస్తే అదీ చిరునామా కింద చెల్లుతుంది, కానీ వాడికి ఆ గృహమే లేదు గదా.

మనం ఇప్పుడే చెయ్యగలిగిన పనులు రెండున్నాయి. పద్దెనిమిది నిండినవాడికి ఓటు హక్కు ఉంది. మీ షెడ్డులో, మీ హోటల్లో, మీ లారీ మీద ఉన్న కుర్రాడికి ఆ వయసుంటే ఓటరు నమోదుకు ఫారం 6 నింపించండి. జీతం వాడి ఖాతాలో వెయ్యండి, ఖాతా లేకపోతే తెరిపించండి. ఫారం 6లో చిరునామా దగ్గర ఏం రాయాలని వాడు అడుగుతాడు. రోజూ పడుకునే చోటు రాయమనండి. ఇల్లు లేని మనిషి దరఖాస్తు పెట్టుకుంటే బూత్ స్థాయి అధికారి (బీఎల్ఓ) రాత్రిపూట వచ్చి, ఆ చోట వాడు నిజంగా పడుకుంటున్నాడో లేదో చూసుకోవాలి. అందుకు వేరే చిరునామా కాగితం అడగకూడదు. అది ఎన్నికల సంఘం పెట్టిన నియమం.