గొంతు కన్నా ముందు చెవి

1966 మార్చిలో లండన్‌లోని ఫిలిప్స్ స్టూడియోలో ఒక పాట తయారవుతోంది. వాద్యాలన్నీ అప్పటికే రికార్డయిపోయాయి. ఇటాలియన్ బాణీకి ఇంగ్లిష్ మాటలను విక్కీ విక్‌హామ్, సైమన్ నేపియర్-బెల్ అనే ఇద్దరు మిత్రులు హడావుడిగా రాసిచ్చారు. గాయని పాడుతోంది, ఆపుతోంది, మళ్లీ పాడుతోంది. గదిలో తన గొంతుకు వస్తున్న ప్రతిధ్వని ఆమెకు నచ్చడం లేదు. చివరికి ఇంజనీరు పీటర్ ఒలిఫ్ మైకు తీసుకెళ్లి మెట్లదారిలో వేలాడదీశాడు. ఆమె మెట్ల మధ్యలో నిలబడి పాడింది. బ్రిటన్‌లో మొదటి స్థానానికి, అమెరికాలో నాలుగో స్థానానికి ఎక్కిన ‘యూ డోంట్ హావ్ టు సే యూ లవ్ మీ’ అలా పుట్టింది.

ఆ గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్. ఆమెను మెచ్చుకునేవాళ్లు ముందుగా ఆ గొంతునే మెచ్చుకుంటారు. కాస్త బొంగురు, కాస్త పొగ, ఎంత పైకి వెళ్లినా తెగని తడి. ఒప్పుకుంటాను. కానీ ఏళ్ల తరబడి ఆ రికార్డులు వింటున్నకొద్దీ నాకు గట్టిపడిన నమ్మకం వేరు. డస్టీ గొప్పతనం గొంతులో కన్నా ముందు చెవిలో ఉంది. తన పాట బయటివాళ్లకు ఎలా వినబడాలో ఆమెకు ముందే తెలుసు. అలా వినబడేదాకా ఎవరినీ వదిలేది కాదు, అందరికన్నా ముందు తనను తాను.

ఆ చెవి చిన్నప్పుడే తయారైంది. 1939లో లండన్‌లోని వెస్ట్ హ్యాంప్‌స్టెడ్‌లో ఐరిష్ మూలాలున్న ఇంట పుట్టింది. అసలు పేరు మేరీ ఓబ్రయన్. తండ్రి ఆమె అరచేతి వెనక వేళ్లతో దరువు వేసి, అది ఏ సంగీతమో చెప్పమనేవాడట. రాగం లేదు, మాట లేదు, ఒట్టి లయ. అందులోంచి పాటను పట్టుకోవాలి. పాఠం అంటే అదీ.

అన్నతో కలిసి ‘ది స్ప్రింగ్‌ఫీల్డ్స్’ అనే బృందంలో జానపద బాణీల పాటలు పాడి పేరు తెచ్చుకుంది. ఆ బృందం అమెరికా వెళ్లినప్పుడు న్యూయార్క్‌లో ‘ది ఎక్సైటర్స్’ అనే నల్లజాతి బృందం పాట ‘టెల్ హిమ్’ ఆమె చెవిన పడింది. అంతే, మనసు అటు మళ్లింది. 1963 నవంబరులో ‘ఐ ఓన్లీ వాంట్ టు బి విత్ యూ’తో ఒంటరి గాయనిగా వచ్చింది. 1964 జనవరి 1న బీబీసీ ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ మొదలైనప్పుడు ఆ వేదిక మీద తొలి రోజే పాడినవాళ్లలో ఈమె ఉంది. నల్ల కాటుక దట్టంగా దిద్దిన కళ్లు, ఎత్తుగా కట్టిన జుట్టు, పాటతో పాటు గాలిలో ఆడే చేతులు. ఆ రూపం గురించి చాలామంది చాలా రాశారు, నేను పాట దగ్గరే ఉంటాను.

స్టూడియోలో ఆమెకు పని అంత తేలిగ్గా సాగలేదు. లండన్ వాద్యకారులు చేయి తిరిగినవాళ్లే, నొటేషన్ ముందు పెడితే తడుముకోకుండా వాయించగలరు. కానీ డస్టీ అడిగింది నొటేషన్‌లో లేనిది. డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డుల్లో బేస్ గిటార్ పాటను కింద నుంచి ఎలా తోస్తుందో, డ్రమ్ముల దెబ్బ ఎక్కడ బిగుస్తుందో అది కావాలంది. రికార్డులు వినిపించి మరీ అడిగింది. ఇరవైల్లో ఉన్న ఆడపిల్ల, మగవాళ్లు నిండిన గదిలో, ఇది కాదు, మళ్లీ అనడం ఆ రోజుల్లో ఎంత పెద్ద సంగతో ఊహించుకోవచ్చు. ఆమెతో పని చేయడం కష్టం అనే పేరు అక్కడే పడింది. అదే పట్టుదల మగ నిర్మాత చూపిస్తే దాన్ని దార్శనికత అనేవాళ్లు. రికార్డుల మీద నిర్మాతగా జానీ ఫ్రాంజ్ పేరు ఉంటుంది. ఆయన సమర్థుడే, ఆమెకు కావలసిన చోటు ఇచ్చిన మనిషి కూడా. కానీ ఆ శబ్దాన్ని మలచడంలో చాలా పని తనదేనని, పేరు వేసుకోలేదని డస్టీ తర్వాతి రోజుల్లో చెప్పింది. ఆ అట్టల వెనక ఆమె పేరు నిర్మాతగా కనిపించకపోవడం నాకు ఇప్పటికీ మనసుకు గుచ్చుకుంటుంది.

తాను దేనికి అభిమానో ఆమె దాచుకోలేదు. 1965లో ‘ది సౌండ్ ఆఫ్ మోటౌన్’ అనే టీవీ కార్యక్రమానికి వ్యాఖ్యాతగా ఉండి సుప్రీమ్స్, టెంప్టేషన్స్, స్టీవీ వండర్, మార్తా రీవ్స్ వంటివాళ్లను బ్రిటిష్ ప్రేక్షకులకు దగ్గర చేసింది. అంతకుముందు 1964 డిసెంబరులో దక్షిణాఫ్రికా వెళ్లినప్పుడు, తెల్లవాళ్లను నల్లవాళ్లను విడదీసి కూర్చోబెట్టే సభల్లో పాడనని ఒప్పందంలోనే రాయించుకుంది. కేప్‌టౌన్ దగ్గర అందరూ కలిసి కూర్చున్న సభలో పాడాక అక్కడి ప్రభుత్వం ఆమెను దేశం నుంచి పంపేసింది. ఎవరి సంగీతం దగ్గర నేర్చుకుందో వాళ్ల పక్కన నిలబడింది.

ఇక అసలు పనితనం. ‘సన్ ఆఫ్ ఎ ప్రీచర్ మ్యాన్’ తీసుకోండి, 1968 నాటి పాట. మొదట అరీతా ఫ్రాంక్లిన్‌కు అనుకున్నది, ఆమె వద్దనుకుంటే డస్టీ దగ్గరికి వచ్చింది. రెజ్జీ యంగ్ గిటార్ చిన్న మెలికతో మొదలవుతుంది. ఆ గిటార్‌కు తొందర లేదు. డస్టీకి అంతకన్నా లేదు. చరణం ఎత్తుకోవడమే కింది స్థాయిలో, పక్కింటి మనిషికి పాత సంగతి చెబుతున్నట్టు. తాళం పడ్డాక ఒక వెంట్రుకవాసి ఆగి మాట వేస్తుంది. హల్లులను నొక్కదు, అచ్చుల మీద కాస్త నిలుస్తుంది. పల్లవి దగ్గరికి వచ్చేసరికి స్వీట్ ఇన్‌స్పిరేషన్స్ బృందం వెనక నుంచి అందుకుంటుంది. ఇంకో గాయని అయితే వాళ్లను మించి అరవాలని చూసేది. డస్టీ వాళ్లకు చోటు వదిలి, వాళ్ల మధ్య సందుల్లోంచి పాడుతుంది. పాట ముగింపుకు వచ్చాకే గొంతు కొంచెం విప్పుతుంది. అది కూడా కొంచెమే. ఉన్న బలమంతా చూపించకుండా దాచుకున్న బలమే ఆ పాటను నడిపిస్తుంది.

ఆ పాట ఉన్న ఆల్బమ్ ‘డస్టీ ఇన్ మెంఫిస్’. జెర్రీ వెక్స్‌లర్, టామ్ డౌడ్, అరిఫ్ మార్డిన్ నిర్మాతలు. మెంఫిస్‌లోని అమెరికన్ సౌండ్ స్టూడియోలో వాద్యాలు కుదిరాయి కానీ డస్టీ తుది గళం అక్కడ కుదరలేదు. విల్సన్ పికెట్ వంటి ఉద్దండ గాయకులు పాడిన చోట నిలబడి పాడాలంటే ఆమెకు బెదురు పుట్టింది. గళాన్ని తర్వాత న్యూయార్క్‌లో రికార్డు చేశారు. అప్పుడు కూడా హెడ్‌ఫోన్లలో వాద్యాలను ఎంత గట్టిగా పెట్టించుకునేదంటే, తన గొంతు తనకే వినబడేది కాదని వెక్స్‌లర్ చెప్పుకొచ్చాడు. నాకు అమితమైన ఆశ్చర్యం ఇక్కడే. తన గొంతు చెవిన పడకుండా అంత మెత్తని శ్రుతి ఎలా నిలిపింది? ఆ పాట ఎలా ఉండాలో అప్పటికే ఆమె లోపల పూర్తిగా వినబడుతూ ఉండాలి.

1967 నాటి ‘ది లుక్ ఆఫ్ లవ్’ కూడా ఈ తీరులోదే. బర్ట్ బాకరాక్ స్వరాలకు హాల్ డేవిడ్ మాటలు, ‘కసీనో రాయల్’ సినిమా కోసం. మైకుకు అంత దగ్గరగా, అంత తగ్గు గొంతుతో పాడితే ప్రతి ఊపిరీ రికార్డులో పడుతుంది. ఆ ఊపిరి ఎక్కడ పడాలో కూడా ఆమె చూసుకుందనిపిస్తుంది.

మెంఫిస్ ఆల్బమ్ 1969లో వచ్చినప్పుడు పెద్దగా అమ్ముడుపోలేదు. ఇప్పుడు పాప్ సంగీతంలో గొప్ప ఆల్బమ్‌ల జాబితా ఎవరు రాసినా అందులో ఉంటోంది. డెబ్బైలు ఆమెకు గడ్డుకాలం, దాని మీద చాలా పుస్తకాలే వచ్చాయి. 1987లో పెట్ షాప్ బాయ్స్ బృందంతో కలిసి పాడిన పాట బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ రెండో స్థానానికి వెళ్లింది. క్యాన్సర్‌తో 1999 మార్చి 2న కన్నుమూసింది.

కొత్తగా వినాలనుకునేవాళ్లకు నేను అందరికీ తెలిసిన పెద్ద హిట్ పాటల పేర్లు చెప్పను. 1965 నాటి ‘సమ్ ఆఫ్ యువర్ లవింగ్’తో మొదలుపెట్టమంటాను. జెర్రీ గాఫిన్, కేరొల్ కింగ్ రాసిన ఆ పాటలో డస్టీ ఎక్కడా గొంతు పెంచే అవసరమే పెట్టుకోలేదు. ఆ తర్వాత స్నేహితురాలు మ్యాడలీన్ బెల్ రికార్డులు దొరికితే అవీ వినండి. పాటలు మ్యాడలీన్‌వి. వెనక కోరస్‌లో గ్లాడిస్ థాంగ్ అనే మారుపేరుతో పాడింది మాత్రం డస్టీయే.