నిలిచే నాదం, రాలే దెబ్బ

ఇద్దరంటే ఇద్దరే. బూ హాన్సన్ వేళ్ల కింద హామండ్ ఆర్గన్, యాన్నె కార్ల్‌సన్ చేతుల్లో డ్రమ్ము పుల్లలు. గిటార్ లేదు, గాయకుడు లేడు, మాట అసలే లేదు. 1960ల చివర స్వీడన్‌లో ఈ ఇద్దరూ జాజ్ స్వేచ్ఛకు రాక్ సత్తువ జోడించారు. ‘హాన్సన్ అండ్ కార్ల్‌సన్’, మీకు వేయి దండాలు!

హామండ్ ఆర్గన్, నీకూ దండం! నీ కడుపులో అంచున పళ్లున్న ఉక్కు చక్రాలు అయస్కాంతాల ముందు గిరగిరా తిరుగుతాయి. ఆ తిరుగుడులోంచే స్వరం పుడుతుంది. డ్రాబార్లనే లాగుడు కడ్డీలను కాస్త లాగితే గొంతు చిక్కబడుతుంది, కాస్త లోపలికి తోస్తే పలచబడుతుంది. మీట మీద వేలు ఉన్నంతసేపూ నీ నాదానికి చావు లేదు.

డ్రమ్మా, నీ సంగతి వేరు. పుల్ల తగిలీ తగలగానే నీ దెబ్బ పుట్టి రాలిపోతుంది. మళ్లీ కొట్టాలి, మళ్లీ పుట్టాలి. ఒకరిది ఆగని ధార, ఒకరిది క్షణక్షణం కొత్త జన్మ. ఆర్గన్ సాగదీసిన కాలాన్ని డ్రమ్ము ముక్కలు చేస్తుంది, డ్రమ్ము విరిచిన ముక్కలను ఆర్గన్ అతుకుతుంది.

ఆశువుగా వాయించేవాడికి వేళ్లకంటే ముందు చెవులుండాలి. నలుగురున్న బృందంలో ఒకరు తడబడితే ముగ్గురు కాపుకాస్తారు. ఇద్దరే ఉన్నచోట దాక్కోవడానికి చోటు లేదు. అందుకే అంత ధైర్యం, అంత నమ్మకం వీళ్ల సంగీతంలో.

గిటారిస్టు జిమి హెండ్రిక్స్ వీళ్లతో కలిసి వాయించాడు. వీళ్ల ‘టాక్స్ ఫ్రీ’ బాణీ ఆయన్ను పట్టేసింది. 1968లో రికార్డు చేశాడు, కచేరీల్లోనూ వాయించాడు. ఆయన పోయాక, 1972లో, ‘వార్ హీరోస్’ ఆల్బమ్‌లో అది లోకానికి అందింది. ఆర్గన్ మీద పుట్టిన బాణీకి గిటార్ తీగలు రెండో బతుకునిచ్చాయి.

1967లో ‘మాన్యుమెంట్’, ఆ తర్వాత రెండేళ్లలో మరో రెండు ఆల్బమ్‌లు, అంతటితో ఎవరి దారి వారిది. హాన్సన్ 1970లో టోల్కీన్ నవలను మాట లేని సంగీతంగా మలిచాడు. కార్ల్‌సన్ నటుడై స్వీడన్‌లో ఇంటింటి మనిషయ్యాడు. 2010లో ఒకరు, 2017లో ఒకరు వెళ్లిపోయారు.

సంగీతానికి పెద్ద బలగం అక్కర్లేదు. ఒకరినొకరు వినే ఇద్దరు చాలు. నమ్మకం కుదరకపోతే ‘మాన్యుమెంట్’ పెట్టుకుని, వేరే పని పెట్టుకోకుండా, చివరిదాకా వినండి.