ఎనిమిదింట ఐదు పాళ్లు ఖాసీ కొండలు

తెల్ల స్లిప్పర్ ఆర్కిడ్‌ని మొదటిసారి చూసినవాళ్లు చాలామంది రేకుని వేలితో నొక్కి చూస్తారు. అంత మందం, అంత నునుపు. పూసిందంటే నెలన్నర, రెండు నెలలు వాడకుండా నిలబడుతుంది. ఓ చలికాలం మా ఇంటికొచ్చిన అత్తగారు కొన్నాళ్లు దాన్ని ఓపిగ్గా గమనించి, “ఏం బాబూ, ప్లాస్టిక్ పువ్వుకి నీళ్లెందుకు పోస్తున్నావు?” అని అడిగారు. ఆవిడ అనుమానంలో సగం నిజం లేకపోలేదు. ఇలాంటి పువ్వు ఏ అడవిలోనూ పూయదు. నూరేళ్లకు పైగా మనుషులు పనిగట్టుకుని కలిపి, ఏరి, పారేసి, మళ్లీ కలిపి తెచ్చిన పువ్వు ఇది.

నేనుండేది శాన్ ఫ్రాన్సిస్కోకి దక్షిణాన, నడివేసవిలో కూడా సముద్రపు పొగమంచు మధ్యాహ్నం దాకా వదలని ఊళ్లో. టమాటా సరిగా పండదు. బెండ మొలిచి ఊరుకుంటుంది. కూరల మీద ఆశ వదులుకుని, ఈ చలి ఎవరికి సుఖమని వెతికితే పాఫియోపెడిలమ్‌ అనే ఈ స్లిప్పర్ ఆర్కిడ్లు కనిపించాయి. పెంచేవాళ్లం పాఫ్‌లంటాం. వాటిలో తరతరాల సంకరంతో వచ్చిన పెద్ద గుండ్రటి పూలవి ‘కాంప్లెక్స్’ పాఫ్‌లు. అమెరికాలో వాటికి బుల్‌డాగ్ అని మోటు ముద్దుపేరు కూడా ఉంది. వాటిలోనూ తెల్లవంటే నాకు పక్షపాతం.

ఈ తెలుపు వంశానికి మూలస్తంభం వేల్స్‌లోని బాడ్నంట్ తోటలో లేచింది. అబర్‌కాన్వే ప్రభువుల తోట అది. 1949లో నేషనల్ ట్రస్ట్ చేతికి వెళ్లింది. అక్కడ 1920 నుంచి హెడ్ గార్డెనర్ ఫ్రెడరిక్ పడిల్. ఆయన తర్వాత కొడుకు, ఆ తర్వాత మనవడు అదే పని చేశారు. 1932లో నమోదైన ఒక తెల్ల సంకరానికి ఆయన పేరే పెట్టారు, ఎఫ్.సి. పడిల్ అని. తర్వాత వచ్చిన తెల్లవాటిలో చెప్పుకోదగ్గవి చాలావరకు దాని సంతానమే. డస్టీ మిల్లర్ దాని బిడ్డ. మిల్లర్స్ డాటర్ దాని మనవరాలు.

ఈ పడిల్ సంకరానికి తల్లిదండ్రులు ఏక్టియస్, ఆస్టార్టీ. ఏక్టియస్‌కి ఒక వైపు ఇన్‌సైన్ అనే అడవిజాతి, రెండో వైపు లీయానమ్. ఆ లీయానమ్‌లోనూ సగం ఇన్‌సైనే, మిగతా సగం స్పైసిరియానమ్. ఆస్టార్టీలో సగం మళ్లీ ఇన్‌సైనే. తక్కిన సగం బెల్లాట్యులమ్, నివియమ్ అనే రెండు పొట్టిజాతులకి పుట్టిన సైకీ. లెక్క కడితే పడిల్‌లో ఎనిమిదింట ఐదు పాళ్లు ఇన్‌సైన్, మిగిలిన ముగ్గురికీ తలా ఒక పాలు. ఇన్‌సైన్ సొంతూరు మేఘాలయలోని ఖాసీ కొండలు. స్పైసిరియానమ్‌ది అస్సాం వైపు. అంటే వేల్స్‌లో పుట్టిన ఈ తెల్లదొరసానిలో సరిగ్గా నాలుగింట మూడు పాళ్లు మన ఈశాన్యమే.

తమాషా ఏమిటంటే, అంత వాటా ఉన్న ఇన్‌సైన్ తెల్లది కాదు. పసుపూ గోధుమా కలిసిన రంగు, పై రేకు నిండా మచ్చలు. అది ఇచ్చింది పొడుగాటి కాడ, రేకులకి మెరుపు, చలికి ఓర్పు. స్పైసిరియానమ్ పై రేకు తెల్లగా ఉంటుంది, నడుమ ఊదా గీతతో. ఒళ్లంతా తెలుపు ఇవ్వగలిగినవి ఆ పొట్టివే. బెల్లాట్యులమ్‌ది బర్మా, థాయ్‌లాండ్‌ల సున్నపురాతి గుట్టలు. తెలుపు మీద పెద్దపెద్ద ముదురెరుపు మచ్చలు, పువ్వు ఆకుల మీదే పడుకునేంత కురచ కాడ. నివియమ్ దక్షిణ థాయ్‌లాండ్, లంకావి ప్రాంతాలది. దాని మచ్చలు సన్నం. ఈ తెలుపుని ఆ పొడుగాటి కాడ మీదికి ఎక్కించాలి, దారిలో మచ్చల్నీ గోధుమ రంగునీ వదిలించుకోవాలి. చెప్పడానికి ఒక్క వాక్యం పట్టిన ఈ పనికి కొందరి జీవితాలే పట్టాయి.

అడ్డు తగిలేవి క్రోమోజోములు. ఇన్‌సైన్, బెల్లాట్యులమ్, నివియమ్‌లకి 26, స్పైసిరియానమ్‌కి 30. తరాల తరబడి కలుపుతూ పోతే ఈ లెక్క చెదురుతుంది. కొన్నిటికి రెండు సెట్లకు బదులు మూడో నాలుగో చేరతాయి. మూడున్నవి పువ్వు ఘనంగా పూస్తాయి గానీ పిల్లల దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తాయి. కాయ కడుతుంది, ఉబ్బుతుంది, నెలల తరబడి ఆశ పెడుతుంది. పగలగొడితే లోపల పొట్టు. తెల్లవాటిలో ఈ బెడద మరీ ఎక్కువ. ఎర్రవీ ఆకుపచ్చవీ కలిపేవాళ్లు మమ్మల్ని చూసి జాలిపడేది ఇందుకే.

క్రాస్ చెయ్యడం మాత్రం పిల్లలాట. చాలా ఆర్కిడ్ల పుప్పొడి గట్టి ఉండ. పాఫ్‌లకి రెండు పక్కలా రెండు జిగురు ముద్దలుంటాయి. ఒకదాన్ని పళ్లపుల్లతో తీసి, రెండో పువ్వుకి చెప్పులా ఉండే సంచిని తుంచేసి, లోపల కిందికి తిరిగి ఉన్న కీలాగ్రానికి రాయాలి. విచ్చిన వారంలోనే పువ్వుకి చెప్పు తెంపెయ్యడానికి ఎవరికైనా మొదట్లో చెయ్యి రాదు. తర్వాత కాయ పండాలి. అందులోని గింజలు దుమ్ము. మొలకకి కావలసిన తిండి వాటిలో ఉండదు. అడవిలో ఒక బూజు ఆ తిండి అందిస్తుంది. ఆ బూజు లేకుండానే పంచదార కలిపిన అగార్ మీద మొలిపించవచ్చని 1922లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ నడ్సన్ చూపించాడు. ఫ్లాస్క్ పద్ధతి అక్కడి నుంచే వచ్చింది. ఫ్లాస్క్ నుంచి కుండీకి, కుండీ నుంచి మొగ్గకి ఐదారేళ్లు తేలిగ్గా పడుతుంది. అప్పుడైనా పూసినవాటిలో దాచుకోదగ్గవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

విచ్చిన రోజునే తీర్పు చెప్పకూడదు. తెల్లవి ఆకుపచ్చ ఛాయతో విచ్చుకుని రోజురోజుకీ తేటపడతాయి. వారం, కొన్నిటికి ఇంకా ఎక్కువే. నిజానికి ఆ పచ్చదనం రేకు మొదట్లో కాస్త మిగిలిపోతేనే నాకు ఇష్టం. పూర్తిగా సున్నం కొట్టిన తెలుపులో పువ్వు ప్రాణం లేనట్టు కనిపిస్తుంది. పోటీల్లో మాత్రం నా మాట చెల్లదు. అమెరికన్ ఆర్కిడ్ సొసైటీ మార్కుల్లో 75 వస్తే ఒక అవార్డు, 80కి మరొకటి, 90కి అన్నిటికన్నా పెద్దది. ఆ మార్కుల్లో గుండ్రదనానికి గౌరవం ఎక్కువ. ఈ గుండ్రదనం మోజులో కాడలు మొయ్యలేనంత బరువెక్కిన పూలు చాలా పుట్టాయి. పుల్ల కట్టకపోతే తల ఎత్తలేవు. దీన్ని గెలుపనుకోను.

అంగళ్లలో కనిపించే ఫెలనాప్సిస్‌లు టిష్యూ కల్చర్‌లో లక్షలుగా తయారవుతాయి. పాఫ్‌లు ఆ పద్ధతికి సరిగా లొంగవు. కాబట్టి మంచి మొక్క ఒకటి పుడితే, అది లోకంలో పెరిగేది పిలకలతోనే. డస్టీ మిల్లర్ ‘మేరీ’ అన్న లేబుల్ ఎక్కడ కనిపించినా అది ఒకే ఒక్క మొక్కలో ముక్క, ఎవరో విడదీసి ఎవరికో ఇచ్చిన పిలక. ఇవ్వకుండా దాచుకున్నవాళ్ల మొక్కలూ తెలుసు నాకు. ఆకుల మొదట్లో నీళ్లు నిలిచి ఒక్క రాత్రిలో గోధుమ కుళ్లు పట్టి పోతాయి, వాటితో ఆ రకమే పోతుంది. అందుకే మొదటి పిలక పక్కవాడికి ఇవ్వాలంటాను. ఇది దానం కాదు, బీమా.

పిలకతో పాటు లేబుల్ కూడా ఇవ్వాలి. పెళ్లిసంబంధంలో గోత్రం అడిగినట్టు, పెంపకందారు కుండీలో మొదట చూసేది ఆ ప్లాస్టిక్ ముక్కనే. పేరు పోయిన తెల్లది ఎంత బాగా పూసినా కుండీకే అందం. క్రాస్‌కి పనికిరాదు, ఎందుకంటే పుట్టినవాటి పేరు నమోదు చెయ్యలేం. పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా ఎండకి వెలిసిపోతుంది.

పెంపకం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చలికాలపు రాత్రి 12 నుంచి 15 డిగ్రీలు, మెత్తటి వెలుతురు, చిన్న బెరడు ముక్కల మిశ్రమం, ఉప్పు తక్కువున్న నీళ్లు. దుంపలుండవు కాబట్టి వేళ్లు పూర్తిగా ఎండనివ్వకూడదు. ఏడాదికో రెండేళ్లకో మిశ్రమం మార్చాలి. మొగ్గ లేచాక కుండీ తిప్పకూడదు, తిప్పితే పువ్వు మెడ వంకర పెడుతుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెంచొచ్చా అని అడిగేవాళ్లకి ఒకటే మాట. తెల్ల బుల్‌డాగ్‌లు అక్కడి రాత్రుల వేడికి తట్టుకోవు, డబ్బు దండగ. వాటి పూర్వీకులు నివియమ్, బెల్లాట్యులమ్‌లు మాత్రం సున్నపురాతి గుట్టల మీద వేడిలో బతికినవి. నీడ, గాలి, శ్రద్ధ ఉంటే అక్కడ ప్రయత్నించదగ్గవి అవే. అయితే అడవి నుంచి తెచ్చినవి వద్దు. పాఫ్‌లన్నీ వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో అత్యంత కట్టుదిట్టమైన మొదటి జాబితాలో ఉన్నాయి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వాటిని అడవిలో తవ్వడాన్ని నిషేధించింది. లైసెన్సున్న నర్సరీలో, ఫ్లాస్క్‌లో పుట్టి పెరిగినదని రాసిచ్చే చోటే కొనండి. ఖాసీ కొండల్లో తవ్వి సంతలో పెట్టిన ఇన్‌సైన్‌ని ఎంత చవగ్గా ఇస్తామన్నా కొనకండి.